ఈవేళ మన స్టార్

ఫిబ్రవరి 5, సోమవారం

ఇల్లు చేరేసరికి ఫోన్లో ఛార్జింగ్ లేదు, నాలోనూ లేదు. అయినా ఆరు గంటల్లోపు రెండో తరగతి కబురు తల్లిదండ్రుల గ్రూపులో పడి తీరాలి. పెద్దమేడమ్ ఆజ్ఞ. ఆరు దాటిందా, ఒక తండ్రిగారు మాటా పలుకూ లేకుండా ప్రశ్నార్థకం గుర్తొకటి పెడతారు. ఆ గుర్తు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కబురు రాయడం పెద్ద పనేం కాదు. ఏ పాఠం అయింది, ఇంటిపని ఏమిటి, రేపు రంగు కాగితాలు తేవాలా అక్కర్లేదా. చిక్కంతా చివరి లైనుతోనే. ‘ఈవేళ మన స్టార్’. హాజరుపట్టీ వరుసలో రోజుకొకరిని మెచ్చుకోవాలి. ఎప్పుడైనా వరుస తప్పితే ‘మావాడేం పాపం చేశాడు మేడమ్’ అని వాళ్ళ నాన్నతో మొదలై పిన్ని దాకా ఫోన్లు చేస్తారు.

ఈవేళ వంతు గువ్వది. ఆ పేరు నేను మనసులో పెట్టుకున్నదే, పైకి అనను. బడి తెరిచిన దగ్గర్నుంచి ఆ పిల్ల తరగతిలో ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అంతే. ఇంట్లో మాత్రం వసపిట్టట, వాళ్ళమ్మ మొదట్లోనే చెప్పింది. మూగనోము పట్టినట్టు కూర్చునే పిల్ల గురించి ఏం రాయను? ‘ఈవేళ చక్కగా చెయ్యెత్తింది’ అనా?

అసలు స్టార్ రేడియోగాడు. వాడి నోరు మూయించడం నా వల్ల కాదు, వాళ్ళమ్మ వల్లా కాదు. ఈవేళ అప్పటికప్పుడు అల్లి గొడుగు పారిపోయిన కథ చెప్పాడు. తడవడమంటే ఇష్టం లేని గొడుగొకటి వాన మొదలవగానే ఇంట్లోంచి పరుగు. వెనక యజమాని. చివరికి ఆ గొడుగు ఇంకో గొడుగు కిందకి దూరుతుంది. పిల్లలు పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ వాడి వంతు పోయిన వారమే అయిపోయింది. ఇంత మంచి కథ కబురులోకి ఎక్కకుండా పోతోందే అనిపించింది.

అందుకని గువ్వ పేరు రాసి, ‘సొంతంగా అల్లిన గొడుగు కథ చెప్పి తరగతినంతా నవ్వించింది’ అని పెట్టేశాను. అప్పటికి ఆరు కావడానికి ఇంకా కొంచెం టైముంది.

ఒక్క లైనేగా. ఎవరికి నష్టం? వాళ్ళమ్మ చదివి సంతోషిస్తుంది.

ఫిబ్రవరి 6, మంగళవారం

నిన్నటి కబురు పొద్దున్నే పిల్లలకి చదివి వినిపించడం మా తరగతి అలవాటు. నేను పెట్టిందే. ‘మీ గురించి ఇంటికి ఏం చెప్పానో మీకూ తెలియాలి కదర్రా’ అని మొదటి రోజు గొప్పగా చెప్పాను కూడా. ఈవేళ చివరి లైను మింగేద్దామనుకున్నాను. ‘స్టార్ ఎవరు టీచర్, స్టార్ ఎవరు’ అని అరుపులు. చదవక తప్పలేదు.

చప్పట్లు కొట్టబోయి చేతులు ఆపేశారు. రేడియోగాడు లేచి నిలబడ్డాడు.

“టీచర్, ఆ కథ నేను కదా చెప్పాను!”

“ఇద్దరూ చెప్పారులే. నువ్వు బయటికి వెళ్ళినప్పుడు తను చెప్పింది. కూర్చో.”

“నేను బయటికి వెళ్ళలేదు టీచర్.”

“కూర్చోమన్నానా!”

కూర్చున్నాడు. చాలాసేపు పెన్సిలు కొరుకుతూ ఆలోచించాడు. ఆ తరువాత నిజంగానే బయటికి వెళ్ళాడేమోనని పక్కవాణ్ణి అడగడం విన్నాను. ఏడేళ్ళవాడికి వాడి జ్ఞాపకం మీదే అనుమానం పుట్టించాను. గువ్వ మాత్రం నన్నే చూస్తోంది. నేను బోర్డు వైపు తిరిగి, రాయాల్సినదానికన్నా ఎక్కువే రాశాను.

ఫిబ్రవరి 7, బుధవారం

గువ్వ వాళ్ళమ్మ నుంచి మెసేజ్. ఆవిడ సిటీ బస్సులో కండక్టరు. తండ్రి లారీ మీద ఎక్కడెక్కడో తిరుగుతాడు. బడికి రావడానికి ఆవిడకి తీరిక ఉండదు, నా కబురే ఆధారం. మెసేజ్ ఇలా ఉంది:

‘మేడమ్ గారూ, మొన్నటి కబురు ఆఖరి ట్రిప్పులో చదివాను. బస్సులోనే ఏడుపొచ్చేసింది. డ్రైవరన్న కంగారుపడ్డాడు. పాప బయట మాట్లాడటం లేదని మాటల డాక్టరు గారికి చూపిద్దామనుకున్నాం. ఎన్నో నెలలు ఆగితే వచ్చే వారానికి టైమిచ్చారు. ఇక అవసరం లేదని ఈ రోజు ఫోన్ చేసి చెప్పేశాను. మా బంగారానికి మీరే నోరిచ్చారు.’

మూడుసార్లు చదివాను. ‘డాక్టరుకి చూపించండి’ అని టైపు చేశాను. ‘ఎందుకు మేడమ్?’ అంటే ఏం చెప్పాలో తోచక చెరిపేశాను. చివరికి చేతులు జోడించిన బొమ్మ పెట్టాను.

ఫిబ్రవరి 9, శుక్రవారం

మా ఆడపడుచు కొడుకు కూడా ఐదేళ్ళు వచ్చేదాకా కొత్తవాళ్ళ ముందు మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు వాడి వాగుడికి పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటున్నారు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మాట్లాడతారు. డాక్టరేం చేస్తాడు, రెండు బొమ్మలు చూపించి ఇదేమిటి, అదేమిటి అంటాడు. ఆ పని నేనూ చెయ్యగలను.

అయినా గువ్వ ఈ వారంలోనే మాట్లాడితే? అప్పుడు నేను రాసింది అబద్ధం కాదు. కొంచెం ముందుగా రాసినట్టు, అంతే.

ఫిబ్రవరి 12, సోమవారం

అయిపోయింది. శనివారం తల్లిదండ్రులు వచ్చి తరగతుల్లో కూర్చుంటారు. తరగతికొక పిల్ల ఏదో ఒకటి చెప్పాలి. పెద్దమేడమ్ స్టాఫ్‌రూములో అందరి ముందూ, “మీ రెండో తరగతిలో ఆ గొడుగు కథ పిల్ల ఉంది కదా, ఆ అమ్మాయితోనే చెప్పించండి” అంది.

“ఆ అమ్మాయికి కొంచెం బిడియం మేడమ్. రేడియో... అదే, ముందు బెంచీ అబ్బాయితో...”

“ఆ అబ్బాయి ఎప్పుడూ మాట్లాడతాడు, అందులో వింతేముంది? బిడియం పోయిన పిల్లని చూపించాలి. గ్రూపులో అందరూ చదివారు కూడా. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి మరీ మిమ్మల్ని పొగిడింది.”

చెప్పెయ్యాల్సింది అక్కడే. పక్క తరగతి ఆవిడ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తోంది, నేనెక్కడ జారిపడతానా అని. ఆవిడ ముందు ‘నేను కల్పించి రాశాను’ అనడానికి నోరు రాలేదు. “సరే మేడమ్” అన్నాను. ఆ రెండు మాటలూ నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చాయో.

ఫిబ్రవరి 14, బుధవారం

ఇంటర్వెల్‌లో గువ్వని దగ్గర కూర్చోపెట్టుకుని కథ మొదటి లైను చెప్పించబోయాను. “వాన పడుతోంది... అను తల్లీ.” పెదవులు కదిలాయి. గాలి కూడా రాలేదు. చాక్లెట్ ఇస్తానన్నాను. బొమ్మ గీయమన్నాను. చివరికి నేనే కథంతా చెప్పి ‘బాగుందా’ అన్నాను. తలూపింది. ఇంటర్వెల్ అయిపోయింది. ఆ పిల్ల నీళ్ళ సీసా కూడా తీయలేదు.

ఫిబ్రవరి 15, గురువారం

మళ్ళీ అదే. ఈసారి విసుక్కున్నాను. “ఇంట్లో మాట్లాడతావుగా, నా దగ్గరేమయింది?” అని గట్టిగా అన్నాను. నా అబద్ధం నిలబెట్టడం లేదని ఆ పిల్ల మీద కోపం! సిగ్గులేని మనిషిని.

ఫిబ్రవరి 16, శుక్రవారం

జ్వరం వస్తే బాగుండును. నాకో, గువ్వకో. థర్మామీటరు పెట్టుకుని చూశాను. నిక్షేపంలా ఉన్నాను.

ఫిబ్రవరి 17, శనివారం

గువ్వ వాళ్ళమ్మ డ్యూటీ మార్పించుకుని వచ్చింది. ఖాకీ చొక్కా కాకుండా మంచి చీర కట్టుకుంది. అందరికన్నా ముందొచ్చి రెండో బెంచీలో మోకాళ్ళు మడుచుకుని ఇరుక్కుని కూర్చుంది. ఫోను పైకెత్తి రెడీగా పట్టుకుంది.

గువ్వ ముందుకొచ్చి నిలబడింది. గౌను అంచు రెండు చేతులతో పట్టుకుంది. నేను “వాన పడుతోంది...” అని అందించాను. తల్లులు నవ్వు ముఖాలు పెట్టుకుని ఎదురుచూశారు. కాసేపటికి ఆ నవ్వులు సడలాయి. గువ్వ మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనిపిస్తోంది. వాళ్ళమ్మ పెదవులు ‘చెప్పమ్మా, చెప్పు’ అంటున్నాయి. ఫోను ఇంకా అలాగే పట్టుకుంది.

రేడియోగాడు ఆగలేకపోయాడు. పాపం వాడు సాయం చేద్దామనే, కూర్చున్నచోటు నుంచే కథ అందుకున్నాడు. రెండు లైన్లయ్యేసరికి లేచాడు, నాలుగో లైనుకి ముందుకొచ్చేశాడు. అందరూ నవ్వారు. చప్పట్లు మోగిపోయాయి. గువ్వ వాడి పక్కన అలాగే నిలబడి ఉంది. ఎవరూ కూర్చోమనలేదు. నేనూ అనలేదు.

అయిపోయాక వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చింది. ముఖం ఎర్రగా ఉంది.

“క్షమించండి మేడమ్ గారూ. మీరింత కష్టపడి నేర్పితే అందరి ముందూ మీ పరువు తీసింది. స్కూల్లో చెప్తుందట, అమ్మ ముందు చెప్పదట. మొండితనం. ఇంటికెళ్ళాక దాని సంగతి చూస్తాను.”

“అయ్యో, పర్లేదండీ” అన్నాను.

అంతే అన్నాను. ఆవిడ క్షమించమంటే, పర్లేదన్నాను.

ఫిబ్రవరి 18, ఆదివారం

రాయడానికేమీ లేదు.

ఫిబ్రవరి 19, సోమవారం

గువ్వ రాలేదు. కబురులో ‘శనివారం కార్యక్రమం ఆనందంగా జరిగింది’ అని రాశాను. ఇరవై బొటనవేలి బొమ్మలు వచ్చాయి. వాళ్ళమ్మది లేదు.

ఫిబ్రవరి 20, మంగళవారం

వచ్చింది. హాజరు పిలిస్తే ఈవేళ చెయ్యి కూడా ఎత్తలేదు. నన్ను చూడలేదు. మొన్నటిదాకా ఆ చూపంటేనే నాకు భయంగా ఉండేది.

అన్నం దగ్గర మా ఆయన “ఏమైంది, ఈమధ్య నువ్వు కూడా మాట్లాడటం లేదు” అన్నాడు. ఆ ‘కూడా’ ఎందుకన్నాడో ఆయనకి తెలియదు. చెప్పేశాను. గొడుగు దగ్గర్నుంచి శనివారం దాకా అంతా. తిడతాడనుకున్నాను. “వాళ్ళమ్మకి చెప్పావా?” అని అడిగాడు. లేదన్నాను. “మరి నాకెందుకు చెప్తున్నావ్?” అని పెరుగు వేసుకున్నాడు.

ఫిబ్రవరి 21, బుధవారం

బడి నుంచి తిన్నగా బస్టాండుకి వెళ్ళి ఆవిడ బస్సు ఎక్కాను. “మేడమ్ గారూ, ఇటెక్కడికి?” అని కిటికీ పక్క సీటు ఖాళీ చేయించింది. మెడలో విజిల్, భుజాన సంచీ. ఎవరినో మెట్ల మీద నిలబడొద్దని కసిరింది. ఒక ముసలాయన్ని చెయ్యిపట్టి ఎక్కించింది. ఆవిడ గొంతు బస్సు ఈ చివర నుంచి ఆ చివరకి వినిపిస్తోంది. ఇంత గొంతున్న తల్లికి ఆ పిల్ల. ప్రతి స్టాపులోనూ దిగిపోదామనుకున్నాను.

ఆఖరి స్టాపులో బస్సు ఖాళీ అయింది. డ్రైవరు టీకి వెళ్ళాడు. ఆవిడ వచ్చి ఎదురు సీట్లో కూర్చుంది.

“పాప మళ్ళీ ఏమైనా చేసిందా మేడమ్?”

“పాప ఏమీ చెయ్యలేదు. నేను చేశాను.”

దారంతా మాటలు పేర్చుకున్నాను, అందంగా, మెత్తగా. ఒక్కటీ గుర్తురాలేదు. “ఆ కథ మీ అమ్మాయి చెప్పలేదండీ. ఇంకో అబ్బాయి చెప్పాడు. ఆ రోజు మీ పాప వంతు. రాయడానికేమీ లేక వాడి కథకి మీ పాప పేరు పెట్టాను. మీ పాప మా తరగతిలో ఇప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.”

అర్థం కానట్టు చూసింది. తరువాత అర్థమైంది. అది ఆవిడ ముఖంలో తెలిసిపోయింది.

“పాప ఈ మాట నాతో చెప్పింది మేడమ్” అంది. బస్సంతా వినిపించిన గొంతు నాకొక్కదానికే వినిపించేంతగా తగ్గింది. “శనివారం ఇంటికెళ్ళాక అడిగాను, ఎందుకు చెప్పలేదే అని. నేనెప్పుడూ చెప్పలేదమ్మా, టీచరు ఊరికే రాశారు అంది. టీచరు గారు అబద్ధం రాస్తారా అని కొట్టాను. మళ్ళీ అదే మాటంది. మళ్ళీ కొట్టాను.”

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. నా ఏడుపు చూసి ఇంకా కోపం వచ్చిందేమో.

“మీరెందుకు ఏడుస్తున్నారు? దెబ్బలు తిన్నది అది. కొట్టింది నేను.” భుజాన సంచీ ఒళ్ళోకి తీసుకుని అడిగింది. “రోజూ పంపే కబుర్లన్నీ ఇంతేనా?”

“అన్నీ కాదు. కొన్ని.”

“మా పాపవి ఏవి నిజం?”

నిజం చెప్పాలంటే, ఒక్కటీ గుర్తురాలేదు. ‘శ్రద్ధగా విన్నది’, ‘స్నేహంగా మెలిగింది’. ఎవరి పేరు పెట్టినా సరిపోయే మాటలు.

“డాక్టరు గారి దగ్గర ఆ టైము ఇంకెవరికో ఇచ్చేశారు. మళ్ళీ ఎప్పుడో” అంది. డ్రైవరు వచ్చాడు. ఆవిడ లేచి విజిల్ వేసింది. తిరుగు ప్రయాణంలో నా దగ్గరికి రాలేదు. నేను దిగేటప్పుడు కూడా ఆవిడ వేరే వైపు చూస్తోంది.

ఫిబ్రవరి 22, గురువారం

పొద్దున్న కబురు చదివే వేళ ఫోను బల్ల మీద పెట్టేశాను. “గొడుగు కథ రోజు నేను మీకు అబద్ధం చదివాను. ఆ కథ చెప్పింది ఒక్కడే. వాడు బయటికి వెళ్ళలేదు కూడా. తను కథ చెప్పిందని మీ అందరిళ్ళకీ నేనే తప్పుగా రాశాను. ఇందులో తన తప్పేమీ లేదు” అన్నాను.

“చెప్పానా! చెప్పానా!” అని రేడియోగాడు బెంచీ ఎక్కేశాడు. వాణ్ణి దింపలేదు. ఆ మాత్రం హక్కు వాడికుంది.

మూడో బెంచీ పిల్ల అడిగింది: “మరి మీకు పనిష్మెంటు ఏంటి టీచర్?”

మా తరగతిలో అబద్ధమాడితే గోడవైపు తిరిగి నిలబడాలి. అదీ నేను పెట్టిందే. వెళ్ళి నిలబడ్డాను. వెనక కిసకిసలు. ‘పాపం’ అని ఒకరు, ‘ఇంకాసేపు’ అని ఇంకొకరు. సున్నం పెచ్చులూడిన ఆ గోడని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఎంత మంది పిల్లల్ని నిలబెట్టానో అక్కడ. గువ్వ ఏం చేస్తోందో నాకు కనిపించలేదు. తిరిగేసరికి తలవంచి ఏదో గీసుకుంటోంది. క్షమించిందని అనుకోవాలని ఉంది. అలాంటిదేమీ ఆ పిల్ల చెప్పలేదు కాబట్టి అనుకోకూడదు.

సాయంత్రం అదే మాట గ్రూపులోనూ పెట్టాను. ఆరు కాకముందే.

ఫిబ్రవరి 23, శుక్రవారం

పెద్దమేడమ్ గదిలో చాలాసేపు. “ఒక్క పిల్ల గురించి ఒప్పుకుంటే మిగతావాళ్ళంతా మా పిల్లల సంగతేమిటని అడగరా? నిన్నటి నుంచి నా ఫోను ఆగడం లేదు.”

“అడగాలి మేడమ్” అన్నాను. ఎదురు చెప్పాలని కాదు, నిజంగానే అనిపించింది.

రెండో తరగతి గ్రూపు పక్క తరగతి ఆవిడకి అప్పగించారు. తరగతి మాత్రం ఏడాది చివరిదాకా నాదే, ఆ తరువాత చూస్తారట. నాకో మెమో కూడా వస్తుందట. రానీ.

గ్రూపు పోయినందుకు హాయిగా ఉంటుందనుకున్నాను. సాయంత్రం ఆరయ్యేసరికి చెయ్యి ఫోను కోసం వెతుక్కుంది.

ఫిబ్రవరి 26, సోమవారం

ఈవేళ గువ్వని చూశాను. చూడటమంటే, వేరే ఏ ఉద్దేశమూ లేకుండా చూడటం. మాట్లాడించలేదు, దగ్గరికి పిలవలేదు. లెక్కలు చెబుతూ, కాపీలు దిద్దుతూ ఒక కంట కనిపెట్టి ఉన్నాను. ఇన్నాళ్ళూ ఆ పిల్లలో మాట లేదని తప్ప ఇంకేమీ చూడలేదు నేను.

ఆరు గంటలకి వాళ్ళమ్మకి ఒక్కదానికే రాశాను. ఆవిడ నన్ను బ్లాక్ చేసి ఉంటుందనుకున్నాను, చెయ్యలేదు.

‘పాప ఈవేళ మాట్లాడలేదు. కొళాయి దగ్గర తన వంతు వచ్చినా పక్కకి జరిగి వెనకవాళ్ళకి దారిచ్చింది. నీళ్ళు తాగకుండానే తిరిగొచ్చింది. రోజూ ఇంతేనేమో నేను గమనించలేదు. రేపటి నుంచి తాగేలా చూస్తాను. లెక్కల్లో పక్క అమ్మాయి తప్పు వేస్తుంటే తన పుస్తకం ఆ అమ్మాయికి కనిపించేలా తిప్పి పెట్టింది. డ్రాయింగులో బస్సు గీసింది. బస్సులో ఉన్నది ఒక్క మనిషే, తలుపు దగ్గర నిలబడి ఉంది. డాక్టరు గారికి ఏమైనా రాసివ్వాలంటే రాసిస్తాను. చూసినవే రాస్తాను.’

చదివినట్టు గుర్తు పడింది. వంట చేశాను. మా ఆయనకి వడ్డించాను. గిన్నెలు కడిగాను. చేతులు తుడుచుకుని చూస్తే ఒక్క మాట ఉంది.

‘ఇంకా?’

ఫోను పట్టుకుని కూర్చుండిపోయాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రోజంతా మనసులో వెతికాను. మధ్యాహ్నం అన్నం దగ్గర ఎవరి పక్కన కూర్చుంది? తెలియదు. ఇంటికెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఎలా ఉంది? తెలియదు. ఒక చక్కటి మాట వేళ్ళ దాకా వచ్చింది, పాత అలవాటు. చెరిపేశాను.

‘ఇంకా చూడలేదండీ’ అని రాశాను.